కారే బండి

పదకొండేళ్ళు మా షెడ్డులో
నా సైకిలుకు చోటు లేదు.
అందరూ దాన్ని బాతు అంటారు.
ఆరు చక్రాలు, పడవ పొట్ట,
నేల మీద లారీ, నీళ్ళలో దిగితే నావ.
నేను మాత్రం సవతి అనేదాన్ని.

నా పురిటికి కూడా మారినుస్
ఇంత హైరానా పడలేదు.
ప్రతి బోల్టూ విప్పి, కిరసనాయిల్లో నానేసి,
పాత పళ్ళ బ్రష్షులతో రుద్ది
జాడీల్లో పోసి చీటీలు అంటించాడు:
ఎడమ ముందు. కుడి వెనక.
ఒక చలికాలమంతా మా వంటింటి అరలో
ఊరేసిన ఉల్లిపాయల పక్కన నట్లు.
ఒకసారి పొరపాటున...
పోనివ్వండి, పన్ను విరగలేదు.

మొన్న శనివారం చర్చి వెనక మైదానంలో ప్రదర్శన.
జీపులు, అంబులెన్సు, సిపాయిల వంటబండి,
బెల్జియం నుంచి ఎవరో తెచ్చిన
పక్క తొట్టి మోటారు సైకిలు.
తాడు కట్టాం. టోపీ వెల్లకిలా పెట్టి చందాలడిగాం.
అగ్నిమాపక దళం బ్యాండు
ఎప్పట్లాగే తాళానికి రెండడుగులు ముందు పరిగెత్తింది.
పిల్లలు స్టీరింగులు తిప్పి
నోటితో హారన్లు కొట్టారు.
జడ్జి గారు బాతు కిందకి దూరి, టార్చి వేసి చూసి,
మోకాళ్ళు దులుపుకుని కార్డు మీద రాశాడు:
అచ్చం అప్పట్లాగే ఉంది.
మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

అప్పుడొచ్చింది జిక్కెమీనా.
ఎనభై ఆరేళ్ళు. చేతికర్ర. సంచిలో ఉల్లికాడలు.
తాడు కింద నుంచి వంగి వచ్చేసింది.
రేకుకి చెవి ఆనించింది. గోటితో గీకింది.
వాసన చూసింది.
"ఇది కాదు," అంది.

మారినుస్ కాగితాలు తీశాడు,
నంబర్లు, ఫొటోలు, పాత రంగు పెచ్చు ఒకటి.
"రంగు సంగతి కాదు నాయనా.
ఇది కారటం లేదు."

సముద్రం కంటే పల్లం మా దీవి.
మమ్మల్ని విడిపించడానికి వచ్చినవాళ్ళే
ఆకాశం నుంచి మా గట్టు తెంచారు.
శత్రువు మునగాలంటే మేమూ మునగాలి,
లెక్క అంతే.
నాలుగు వారాలు అటక మీద.
రోజుకి రెండుసార్లు సముద్రం మెట్లెక్కి వచ్చి
దిగిపోయేది, అద్దె అడగవచ్చిన మనిషిలా.
నవంబరులో ఒక బాతు వచ్చి
కిటికీకి ఆనుకుని నిలబడింది.
అమ్మ ముగ్గురు పిల్లల్ని అందించింది,
గోడ గడియారాన్ని అందించింది,
ఆవు సంగతి అడిగింది.
సిపాయికి మా భాష రాదు.
తల అడ్డంగా ఊపటం వచ్చు.

దారిపొడుగునా బండి అడుగున నీళ్ళు,
పంపు మొరాయించింది.
ఆరేళ్ళ జిక్కెమీనా తన చెక్కబూటు విప్పి
తోడి పోసింది, తోడి పోసింది.
వెనక్కి తిరిగి చూడకుండా ఉండటానికి
అదొక పని.
ఆవు అరుపు ఎంత దూరం వినిపించిందో
ఆమె చెప్పలేదు, మేము అడగలేదు.
ఆ పొలంలో చౌడు ఎన్నేళ్ళకు వదిలిందో
అది మాత్రం చెప్పింది, వేళ్ళు మడిచి.

పదకొండేళ్ళు ఒక్కో చిల్లే వెతికి పూడ్చిన మనిషి
నోరు తెరిచి, మూసి,
"ఎక్కడ కారేది?" అని అడిగాడు.
కర్ర లేపి చూపించింది:
కుడి వెనక చక్రం పైన.

మూడింటికి వాన. మా దేశంలో అది వార్త కాదు.
బాకాలు కోటుల కింద దాచుకుని బ్యాండు పరిగెత్తింది.
జీపుల మీద పట్టాలు పడ్డాయి.
మారినుస్ పట్టా జోలికి పోలేదు.
చర్చి నిచ్చెన తెచ్చి
ముసలమ్మను బాతులోకి ఎక్కించాడు.
నేను గొడుగు పట్టాను, సగం నాకే.
అడుగున నీళ్ళు చేరాయి, బూటు తడిసేదాకా.
ఆమె కాలు ఒకసారి ఆడించి చూసుకుంది.
"ఊఁ. ఇప్పుడు కొంచెం," అంది.

ఆదివారం పొద్దున కాఫీపొడి కోసం అర తెరిస్తే
ఉల్లిపాయల పక్కన కొత్త జాడీ.
లోపల ఒకే ఒక్క బోల్టు.
చీటీ అంటించాడు, ఏమీ రాయలేదు.

నా సైకిలు ఇంకా బయటే ఉంది.